1956 నాటి ఆట – మన కళాశాల మైదానం

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవాల సందర్భంలో విద్యార్థులకు సామాన్య జ్ఞాన పోటీ ఒకటి జరిగింది. ప్రశ్నలను సిద్ధం చేసే బాధ్యత మామీద పడింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అందుకొన్న అత్యున్నత స్థానమేది, ఆనాటి జట్టుకు శిక్షకుడెవరు అని ఒక ప్రశ్న వేశాము. సభ నిశ్శబ్దమైపోయింది. చివరి వరుసలోనుండి ఒక విద్యార్థి లేచి, "సార్, మన దేశం ఎప్పుడైనా ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడిందా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. అందరూ నవ్వారు. మేమును నవ్వాము. కాని ఆ నవ్వు ఇంటికి వెళ్ళేవరకు నిలువలేదు. ఏలయనగా ఆ ప్రశ్న వేసిన విద్యార్థి రియల్ మాడ్రిడ్ జట్టులోని పదకొండుమంది పేర్లను, వారి చొక్కాలపై అంకెలతోసహా, గుక్క తిప్పుకోకుండా చెప్పగలడని మాకు తెలుసు.

అతనిని నిందించడం మా ఉద్దేశం కాదు. తెలియకపోవడం అతని తప్పు కానేరదు. చెప్పవలసినవారు చెప్పలేదు; ఆ చెప్పవలసినవారిలో మేమును ఉన్నాము. ఆ ప్రశ్నకు ఆ రోజు సభలో ఇవ్వలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ కొంత వివరంగా ఇచ్చి, దానినుండి మన కళాశాలకు సంబంధించిన ఒక విషయాన్ని కార్యవర్గం వారి ముందుంచడమే ఈ వ్యాసం ప్రయోజనం.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్ర ప్రదేశ్ అవతరించింది. నెల్లూరు, హైదరాబాదు ఆ రోజున ఒకే రాష్ట్రంలోని ఊళ్ళయినాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1వ తేదీన, ఆస్ట్రేలియా దేశంలోని మెల్బోర్న్ నగరంలో భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య దేశాన్ని 4–2 గోల్సుతో ఓడించింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోల్సు, కిట్టు ఒక గోలు చేశారు. ఒలింపిక్స్‌లో ఒకే ఆటలో మూడు గోల్సు చేసిన తొలి ఆసియా క్రీడాకారుడు డిసౌజాయే. ఆ విజయంతో ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారతదేశం నిలిచింది. సెమీఫైనల్‌లో యుగోస్లావియా 4–1తో, మూడవ స్థానానికి జరిగిన ఆటలో బల్గేరియా 3–0తో మనలను ఓడించాయి. నాలుగవ స్థానం లభించింది. నేటికిని మనకు అదే అత్యున్నత స్థానం.

ఆ జట్టులోని పేర్లను చదవండి: అజీజ్, నూర్ మహమ్మద్, సలాం, జుల్ఫికర్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం. వీరందరును హైదరాబాదు, సికిందరాబాదుల గల్లీలలో, మైదానాలలో కాలికి బంతి తగిలించుకొన్నవారు. వారిని తీర్చిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాహెబు వృత్తిరీత్యా బడిపంతులు. ఈ మాటను మేము కొంత గర్వంతోనే వ్రాస్తున్నాము. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, కాచిగూడ మిడిల్ స్కూలులోను, తరువాత దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పాఠాలు చెప్పారు. చివరి శ్వాస విడిచేవరకు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశారు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను, అదే కాలంలో భారత జట్టు బాధ్యతను చేపట్టారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలుచుకొన్నది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చుకొన్నది. కలకత్తా క్లబ్బులే ఫుట్‌బాల్‌కు పుట్టినిళ్ళని దేశమంతా నమ్ముతున్న రోజులవి. ఒక పోలీసు బలగం, అందునా ఒక ఉపాధ్యాయుని చేతిక్రింద తయారైనది, ఆ నమ్మకాన్ని తలక్రిందులు చేసింది.

ఎట్లు చేశారు? ఇదే మాకు మిక్కిలి ఆసక్తికరమైన భాగం. రహీం సాహెబు వద్ద ధనం లేదు, పరికరాలు లేవు; పద్ధతి ఉన్నది. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితో మాత్రమే బంతిని తన్నవలెనని నియమం పెట్టి పోటీలు నడిపించారు. బంతిని కాలి వద్ద అట్టిపెట్టుకొని ఒంటరిగా పరుగెత్తడాన్ని నిషేధించి, అందిన వెంటనే తోటివానికి అందించవలసిన పోటీలు మరికొన్ని నడిపించారు. ఈ రెండవ నియమంలో మాకొక పాఠం కనిపిస్తుంది. తరగతిలో అందరికంటె ముందు చేయి ఎత్తే విద్యార్థి మాకు ప్రియమైనవాడే. కాని తనకు తెలిసినదానిని పక్క బల్లమీదివానికి అందించేవాడు లేకపోతే తరగతి తరగతి కాదు. (ఈ పోలిక మా సహోపాధ్యాయులలో గణితం చెప్పేవారికి నచ్చలేదు. పరీక్షలో పక్కవానికి అందించడం గురించి ఏమంటారని వారు మమ్ము నిలదీశారు. మేము మౌనం వహించాము.)

ఓటమినుండి నేర్వడం ఆయన రెండవ గుణం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు మన జట్టును తీసుకొని వెళ్ళినదియు ఆయనే. ఆ చలిదేశంలో మనవారిలో చాలమంది వట్టికాళ్ళతో ఆడి, ఇదే యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయారు. పది గోల్సు! ఆ అవమానంతో మరొకరైతే ఆ పనికి స్వస్తి చెప్పేవారు. ఆనాటినుండి బూట్లు తప్పనిసరి అయినాయి. ఐరోపా జట్ల ఆటతీరును రహీం సాహెబు శ్రద్ధగా పరిశీలించి ఆటగాళ్ళను నిలబెట్టే పద్ధతినే మార్చారు. నాలుగేండ్ల తరువాత అదే యుగోస్లావియాతో తలపడినప్పుడు ముందుగా గోలు చేసినది మనవారే. ఓడిపోయినారు, నిజమే. కాని పదికి ఒకటి అనే ఓటమికి, నాలుగుకు ఒకటి అనే ఓటమికి నడుమ ఉన్న ఆ నాలుగు సంవత్సరాల శ్రమయే మా దృష్టిలో ఆ గాథ అంతటికి ప్రాణం.

బలరాం ఇల్లు సికిందరాబాదు అవతల అమ్ముగూడలో ఉండేది. పేద కుటుంబం. శిక్షణకు రోజూ రావడానికి దారిఖర్చులేని ఆ కుర్రవానికి సైకిలు అద్దె తమ జేబునుండి ఇచ్చి రప్పించినది రహీం సాహెబేనని బలరాం తన వార్ధక్యంలో కూడ చెప్పుకొనేవారు. 2023లో కన్నుమూసేవరకు ఆయన ఆ మాట మరువలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మనవారు స్వర్ణపతకం గెలిచినప్పుడు ఆ జట్టులో బలరాం ఉన్నాడు, తంగరాజ్ ఉన్నాడు, హైదరాబాదు పోలీసు జట్టువాడైన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. రహీం సాహెబు అప్పటికే క్యాన్సరు వ్యాధిపీడితులు. 1963 జూన్ 11వ తేదీన మరణించారు. శిక్షకులకు మన ప్రభుత్వమిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైనది 1985లో. 2024లో ఆయన జీవితంపై 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చింది. దానిని చూచిన మా విద్యార్థి ఒకడు, కథ బాగానే అల్లారని మెచ్చుకొన్నాడు! అది అల్లిన కథ కాదని నచ్చజెప్పడానికి మాకు ఒక పీరియడు పట్టింది.

ఇప్పుడొక ఆక్షేపణ వినిపించవచ్చును. అదంతా హైదరాబాదు వైభవం గదా, సముద్రతీరాన ఉన్న మనకు దానితో ఏమి సంబంధం? 2014లో రాష్ట్రం రెండయినది, హైదరాబాదు ఇప్పుడు పొరుగు రాష్ట్రపు రాజధాని గదా? ఆక్షేపణ సమంజసమే. పూర్వుల వైభవాన్ని తలచుకొని మీసం మెలివేయడం మాకును రుచించదు. హైదరాబాదు సయితం తన వైభవాన్ని నిలుపుకోలేదు. సంతోష్ ట్రోఫీని 1956–57లోను, 1957–58లోను హైదరాబాదు గెలిచింది; 1965–66లో ఆంధ్ర ప్రదేశ్ పేరిట మరొకసారి గెలిచాము. ఆ తరువాత ఆ ట్రోఫీ ఇటు తొంగిచూడలేదు. ఆటగాళ్ళకు కలకత్తా క్లబ్బులు ఎక్కువ ముట్టజెప్పినాయి. బలరాం వంటివారు అటు వెళ్ళారు. గురువు పోయారు. క్రికెట్ వచ్చింది. ఖాళీ స్థలాలు కరిగిపోయినాయి. ఫతే మైదాన్ పేరు 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా మారింది. చాలకాలానికి 2019లో హైదరాబాదు పేరిట ఒక క్లబ్బు వెలసి, 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు మేము ఎంతగానో సంతోషించాము. నాలుగేండ్లు తిరగకమునుపే, 2025లో, ఆ క్లబ్బు యాజమాన్యం దానిని ఢిల్లీకి తరలించింది. డబ్బు పెట్టి తెచ్చిన జట్టు డబ్బుతోనే వెళ్ళిపోయింది.

కావున ఒక మహానుభావుడు పుట్టితే చాలదు, ఒక ధనికుడు దొరికితేనూ చాలదు. మరి ఏమి కావలెను?

మధ్య అమెరికాలో కోస్టారికా అనే చిన్న దేశం ఉన్నది. జనాభా అరకోటికి అటునిటు. 1921లో ఏడు జట్లతో అక్కడ ఒక జాతీయ లీగు మొదలైనది. హెరెడియానో అనే జట్టు ఆ మొదటి సంవత్సరం గెలిచింది. ఆనాడు ఆ సంగతిని ఆ దేశం వెలుపల ఎవరును పట్టించుకొని ఉండరు. నూరేండ్లు దాటినా ఆ లీగు నడుస్తూనే ఉన్నది. ఆ హెరెడియానో నేటికిని ఆడుతూనే ఉన్నది. ఆ దేశం మొట్టమొదటిసారి ప్రపంచ కప్పుకు అర్హత పొందినది 1990లో, అనగా ఆట మొదలైన దాదాపు డెబ్బది ఏండ్లకు! 2014లో ఇటలీని, ఉరుగ్వేను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. ఇందులో ఒక మహాపురుషుని పేరు చెప్పడం కష్టం. ప్రతి యేడు ఋతువు వచ్చింది, ప్రతి యేడు ఆడారు. అంతే.

ఆ ప్రాంతంనుండియే మరొక ఉదాహరణను మన కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దలు ప్రస్తావించారు. ఫుట్‌బాల్ వలన రెండు దేశాలు యుద్ధానికే దిగాయట, మన పిల్లలు కొట్టుకొనరా అని వారి భయం. వారు చెప్పినది 1969 నాటి సంగతి. ప్రపంచ కప్పు అర్హత పోటీలలో హోండురాస్, ఎల్ సాల్వడార్ జట్లు ఆ జూన్ నెలలో మూడుసార్లు తలపడినాయి. అభిమానుల మధ్య అల్లరులు జరిగినాయి. జులై 14న యుద్ధం మొదలై నాలుగు దినాలలో ముగిసింది. లోకం దానికి ఫుట్‌బాల్ యుద్ధమని పేరు పెట్టింది. కాని నిజమైన కారణం బంతి కాదు, భూమి. ఎల్ సాల్వడార్‌లో సాగుభూమి కొద్దిమంది చేతిలో చిక్కి, బ్రతుకుతెరువుకై లక్షలమంది పొరుగుదేశానికి వలసపోయారు; భూసంస్కరణ పేరుతో హోండురాస్ ప్రభుత్వం వారిని భూములనుండి వెళ్ళగొట్టింది. ఆట జరగకపోయినా ఆ మంట రగిలేది. పెద్దలయెడల మాకుగల గౌరవానికి లోపం రానీయకుండా చెప్పవలెనన్న, ఆ ఉదాహరణ మా పక్షాన సాక్ష్యమిస్తున్నది: తగాదాలు పుట్టేది ఆటవలన కాదు, స్థలం చాలకపోవడంవలన.

స్థలం అనే మాట వచ్చింది కనుక అసలు విషయానికి వద్దాము. మన కళాశాల వెనుక ఉన్న మైదానంలో తూర్పు సగాన్ని కొత్త తరగతి గదులకు కేటాయించి, మిగిలిన సగాన్ని పెండ్లి పందిళ్ళకు అద్దెకు ఇవ్వవలెనన్న ఆలోచన కార్యవర్గం పరిశీలనలో ఉన్నది. ఇది రహస్యం కాదు. నోటీసు బోర్డుమీద పెట్టినదే. ఆలోచన చేసినవారు కళాశాల మేలు కోరేవారే. గదులు చాలక ఉర్దూ తరగతి వరండాలో జరుగుతున్న మాట వాస్తవం. వర్షకాలంలో ఆ వరండాలో కూర్చొన్న పిల్లల పుస్తకాలు తడవడం మేము కన్నులారా చూశాము. ఫీజులు చెల్లించలేని విద్యార్థులు ఎందరో, అద్దె సొమ్ము ఎందుకు పనికివస్తుందో మాకు తెలుసు. అయినను మేము ఈ ఆలోచనతో ఏకీభవింపలేము. భవనాన్ని పైకి పెంచవచ్చును. మైదానాన్ని పైకి పెంచలేము. పాత భవనం మీద మరొక అంతస్తు వేయడానికి వీలున్నదో లేదో ఇంజనీరుచేత చూపించనే లేదు. ముందుగా అది చూపించండని మా విన్నపం.

మైదానం ఉన్నా పిల్లలు ఆడడంలేదు గదా అని కొందరంటారు. ఆడని మాట నిజమే. ఎందుకు ఆడడంలేదో విచారించినవారు తక్కువ. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపునుండి వచ్చే విద్యార్థులకు సాయంత్రం బస్సు దొరకకపోతే ఇల్లు చేరడం కష్టం. చివరి గంట కొట్టగానే వారు పరుగెత్తేది బంతి వెంట కాదు, బస్సు వెంట! పట్టణంలో ఉండేవారిలో సగంమంది అసర్ నమాజు కాగానే దుకాణాలలో పనికి వెళతారు. ఆట మీద ప్రేమ లేక కాదు, వారికి ఆట వేళ లేదు.

ప్రేమ లేదనేవారిని మేము వేసవిలో మైపాడు తీసుకొనిపోవలెనని ఉన్నది. ఏప్రిల్ 15వ తేదీనుండి జూన్ 14వ తేదీవరకు అరువదియొక్క దినాలు తూర్పుతీరమంతటా మరపడవల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి. ఆ దినాలలో ఎండ వాలిన తరువాత పట్టపుపాలెం కుర్రవాళ్ళు ఇసుకలో రెండేసి తెడ్లు పాతి, వాటికి చిరిగిన వల కట్టి గోలు నిలబెడతారు. నిజమైన వల ఉన్న గోలు మన కళాశాలలో లేదు, వారికి ఉన్నది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మైదానం సన్నబడుతుంది, వెనుకకు తగ్గినప్పుడు వెడల్పవుతుంది. దానినిబట్టి జట్టుకు అయిదుగురా, ఏడుగురా అని వారే నిర్ణయించుకొంటారు. రిఫరీ లేడు. గీతమీద తగాదా వస్తే అల వచ్చి చెరిపివేస్తుంది. మేము వెళ్ళిన సాయంత్రం ఆ జట్లలో ఒకదానిలో మన బి.కాం. విద్యార్థులు ముగ్గురు ఆడుతున్నారు. ఇద్దరు ఉర్దూ మాధ్యమంవారు, ఒకడు తెలుగు మాధ్యమంవాడు. కళాశాలలో ఆ ముగ్గురు ఏనాడును ఒక బల్లమీద కూర్చొనగా మేము చూడలేదు. అక్కడ మాత్రం "ఇటియ్యిరా, ఇటియ్యి" అనే ఒక్క మాటతో అందరికిని సరిపోయింది. మమ్ము చూచి వారు ఆట ఆపి సలాములు, నమస్కారాలు చేయబోగా, వద్దని సైగచేసి పడవ నీడన కూర్చొన్నాము.

వేట లేని రెండు నెలలనే తమ ఋతువుగా చేసుకొన్నారు ఆ బిడ్డలు. వారికి శిక్షకుడు లేడు, రుసుము లేదు. మనకు సంవత్సరం పొడుగునా మైదానం ఉన్నది, క్రీడారుసుము ప్రతి విద్యార్థినుండి వసూలు చేస్తున్నాము. ఋతువు మాత్రం లేదు. ఆ రుసుములో కొంత భాగం వార్షికోత్సవపు షామియానాలకు ఖర్చవుతున్నదని మా అభిప్రాయం. పొరపాటయితే లెక్కలు చూపి మమ్ము సవరించవచ్చును.

ఇంకొక మాట. ఇది ముఖ్యంగా మన విద్యార్థినుల విషయం. మైదానం అనగానే మనవారికి మగపిల్లలే కనబడతారు. నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడి, 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళింది. రైతు కుటుంబపు తెలుగు పిల్ల. మన విద్యార్థినులకు మధ్యాహ్న విరామంలో మైదానంలోకి వెళ్ళే అలవాటే లేదు. వెళ్ళరాదని ఎవరును చెప్పలేదు, వెళ్ళమనియు ఎవరును చెప్పలేదు. తల్లిదండ్రుల సంకోచాన్ని మేము తేలికగా తీసివేయము. పశ్చిమపు ప్రహరీకి ఆనుకొన్న భాగంలో ఒక తెర గోడ కట్టి, వారానికి రెండు దినాలు వారికే విడిచిపెట్టితే, ఏ తండ్రి అభ్యంతరం చెప్పునో చూతము. మహిళా అధ్యాపకులలో ఇద్దరు బాధ్యత తీసుకొనడానికి ఇప్పటికే సమ్మతించారు.

కార్యవర్గం వారిని మేము కోరేది పెద్ద స్టేడియం కాదు. జట్టుకు అయిదుగురేసి ఆడే ఆటకు నలుబది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పు స్థలం చాలును. గదులు తప్పనిసరియై తూర్పు సగం పోయినా, మిగిలిన సగంలో అది ఇముడుతుంది, అక్కడ పందిళ్ళ గుంజలు పాతకపోతే. బుధవారం నాటి చివరి పీరియడును ఆటకు కేటాయిస్తే బస్సు విద్యార్థులకును అవకాశం కలుగుతుంది. ఆ పీరియడు ప్రస్తుతం మాది, తెలుగు ఉపవాచకం. దానిని వదలుకొనడానికి మేము వ్రాతపూర్వకంగా అంగీకరిస్తున్నాము. ఉపవాచకాన్ని శనివారం ఉదయం అరగంట ముందుగా వచ్చి పూర్తిచేస్తాము. తరగతికి ఒక జట్టు, రెండు మాధ్యమాలవారు కలిసి ఉండవలెనన్నది ఒక్కటే నియమం. జులైలో మొదలుపెట్టి డిసెంబరు 1వ తేదీన చివరి ఆట ఆడవచ్చును. ఆ తేదీని ఎందుకు ఎంచుకొన్నామో పై పుటలు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రెండు బంతులు, ఒక గాలిపంపు మేము కొని తెస్తాము. గోలుకు కట్టే వల సంగతి మైపాడులో మాట్లాడి ఉంచాము; పాత వల ఇచ్చుటకు ఒక మరక్కాడు ఒప్పుకొన్నాడు. కార్యవర్గ సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం నాడు ఉన్నది. పేర్లు ఇవ్వదలచిన విద్యార్థినీ విద్యార్థులు దానికి ముందుగానే తెలుగు శాఖ గదిలో మమ్ము కలిసికొంటే, ఆ జాబితాను సమావేశంలో సమర్పించుటకు వీలగును.